చిల్లర కొట్టు నడుపుకుంటూ విశ్వాసిగా బతకాలంటే

ఒంగోలుకి దగ్గర్లోని ఒక పల్లెలో మాది చిల్లర కొట్టు. మా ఆయనా నేనూ కలిసి పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళి ఆరేళ్ళు. అప్పట్నుంచి షట్టరు తీసేదీ నేనే, వేసేదీ నేనే. మొన్న మా స్త్రీల కూడికలో, కొత్తగా కొట్టు పెట్టుకున్న ఇద్దరు అమ్మాయిలు అడిగారు: "అక్కా, అబద్ధం ఆడకుండా వ్యాపారం కుదురుద్దా?" కుదురుద్ది. ఎట్లా కుదురుద్దో ఆ సాయంత్రం వాళ్ళకి చెప్పినవీ, అప్పుడు సమయం చాలక వదిలేసినవీ కలిపి రాస్తున్నాను.

ముందు కాటా సంగతి. కొట్టు గోడమీద వాక్యం పటం తగిలించేముందు కాటా సరిచూసుకోండి. ముద్ర ఉన్న కిలో రాయి ఒకటి, రెండు వందల గ్రాముల రాయి ఒకటి కొనిపెట్టుకోండి. రోజూ షట్టరు ఎత్తగానే, మొదటి బేరానికి ముందే, ఆ రెండూ కాటా మీద పెట్టి చూడండి. కాటా కింద బల్ల ఎగుడుదిగుడు లేకుండా ఉండాలి. ఫ్యాను గాలి నేరుగా తగిలితే అంకెలు ఆడుతుంటాయి, ఆ దిక్కున పెట్టకండి. గిన్నెలోనో పళ్ళెంలోనో పోసి తూచేటప్పుడు ముందు ఖాళీ గిన్నె పెట్టి టేర్ బటన్ నొక్కి, సున్నా వచ్చాకే సరుకు పోయండి. అంకెలు కొనేవాళ్ళకి కనపడాలి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. ఆ తేదీని కేలండరులో క్రిస్మస్ అంత పెద్దగా గుర్తు పెట్టుకుంటాను నేను.

ఎందుకింత చాదస్తం అంటే, ఇందులోనే నేను పడిపోయాను కాబట్టి. పదకొండేళ్ళ కిందట ఒక దసరాకి ముందు కాటా కిందపడింది. తరవాత రాయి పెట్టి చూస్తే తొమ్మిది వందల ఎనభై గ్రాముల సరుక్కే కిలో చూపిస్తోందని తెలిసింది. తెలిసిన రోజే బాగు చేయించాలి. పండగ బేరం ఉంది, తరవాత చూద్దాంలే అనుకున్నా. దసరా పోయింది, దీపావళి పోయింది, క్రిస్మస్ కూడా పోయింది. సంక్రాంతి తరవాత గానీ తీసుకెళ్ళలేదు. మూడు నెలలు పైచిలుకు. ఆ మూడు నెలలూ ఆదివారం ముందు వరసలో కూర్చుని కీర్తనలు పాడాను. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతలు 11:1లో ఉందని నాకు చిన్నప్పుడు సండే స్కూల్లోనే నోటికి వచ్చు.

కాటా బాగయి వచ్చిన రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశా. రోజుకి నలభై కిలోల దాకా విడి సరుకు తూచేవాళ్ళం. కిలోకి ఇరవై గ్రాములంటే రోజుకి ఎనిమిది వందల గ్రాములు. తొంభై రోజులకి డెబ్బై రెండు కిలోలు. కందిపప్పూ బెల్లం చింతపండూ, అన్నీ బీదవాళ్ళ ఇళ్ళలోంచి తీసినవే. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య ప్రభువు ముందు నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మా ఆయనకి చెప్పా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఎవరెవరి దగ్గర తీసుకున్నామో ఎట్లా తెలుసుద్ది?" అన్నాడు. తెలియదు. అందుకని ఇట్లా చేశాం: ఖాతా ఉన్న ఇళ్ళకి స్వయంగా వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. కొట్టులో ఐదు నెలలపాటు ప్రతి కిలోకి యాభై గ్రాములు ఎక్కువ తూచాం. అట్లా దాదాపు మూడు వందల కిలోలు వెనక్కి వెళ్ళింది.

చెప్పిన ఇళ్ళలో ఒక పెద్దావిడ "తెలిసే ఉంచావా?" అని అడిగింది.

"తెలిసే, అత్తా."

ఆవిడ మళ్ళీ రెండేళ్ళు మా కొట్టుకి రాలేదు. నాకది న్యాయమే అనిపించింది. మీకు ఇట్లాంటిది ఏదైనా ఉంటే, దేవుడి దగ్గర ఒప్పుకున్నాం కదా అని ఊరుకోకండి. ఎవరిది తీసుకున్నారో వాళ్ళ గడప ఎక్కండి. క్షమిస్తారని ఆశపెట్టుకుని వెళ్ళకండి. బాకీ తీర్చడానికి వెళ్ళండి.

కాటా తరవాత చిల్లర. రెండు రూపాయలు ఇవ్వాల్సినచోట రెండు చాక్లెట్లు చేతిలో పెట్టడం మనకి అలవాటు. ఆ చాక్లెట్ల మీద మనకి లాభం ఉంటుంది, వాళ్ళకి అక్కర్లేని సరుకు అంటగట్టినట్టవుతుంది. నేను వారానికోసారి బస్సు కండక్టర్ల దగ్గరా చర్చి కానుకల లెక్క చూసే అన్న దగ్గరా చిల్లర తెచ్చుకుని డబ్బాలో పోసుకుంటా. అది కూడా అయిపోతే "రేపు ఇస్తా బాబాయ్" అని పుస్తకంలో రాస్తా. రాసింది ఇస్తా. కూల్‌డ్రింకు ఫ్రిజ్‌లో పెట్టినందుకు రెండు రూపాయలు వేసుకోవడం కూడా మానండి. సీసా మీద వేసిన ఎమ్మార్పీకి మించి తీసుకోవడం చట్టప్రకారమే తప్పు. కరెంటు బిల్లు భారం అని నాకూ తెలుసు, నేనూ కడుతున్నా. ప్రతి నెలా మొదటి సోమవారం అరలన్నీ దింపి తేదీ దాటిన బిస్కెట్లు, నూడిల్సు, పిల్లల పౌడర్లు పక్కన పెట్టేయండి. "రెండు రోజులే కదా దాటింది" అనే మాట మన నోటి నుంచి రాకూడదు.

ఫోన్‌పేలో యాభైకి బదులు ఐదు వందలు కొట్టేవాళ్ళు నెలకి ఒకరైనా ఉంటారు. కొట్టులోని ఫోన్‌పే పెట్టె అరిచిన అంకె వింటూ ఉండండి. తేడా వస్తే వాళ్ళు వీధి మలుపు తిరిగేలోపే పిలవండి. పిలవలేకపోతే తేదీ, టైము, అంకె రాసి పెట్టుకోండి. వాళ్ళే వచ్చి అడిగేదాకా ఆగడం నిజాయితీ అనిపించుకోదు.

ఏం అమ్మాలి, ఏం అమ్మకూడదు అనేది ఒక్కొక్కరికీ ఒక్కోచోట తగుల్తుంది. నాకు పొగాకు దగ్గర తగిలింది. మా ప్రకాశం జిల్లాలో పొగాకు మీద బతికే ఇళ్ళు లెక్కలేనన్ని. మా చుట్టాలే పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కూలికి వెళ్తారు. వాళ్ళని నేనేమీ అనను. ఒకరోజు ఎనిమిదేళ్ళ పిల్లాడు వచ్చి "నాన్నకి ఖైనీ ఇమ్మన్నాడు పిన్నీ" అన్నాడు. మా వాడూ అదే క్లాసు. ఆ పొట్లం ఆ చేతిలో పెట్టలేకపోయాను. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి అమ్మకూడదని చట్టం ఉన్నా, పెద్దవాళ్ళకి అమ్ముకోవచ్చుగా అని మా ఆయన అన్నాడు. ఒక నెల ప్రార్థన చేసి, బీడీలు, సిగరెట్లు, ఖైనీ మొత్తం ఆపేశాం. రోజు బేరంలో ఆరో వంతు పోయింది. ఇప్పటికీ తిరిగి రాలేదు. మీరు ఏదైనా మానేటప్పుడు, దేవుడు దానికి రెట్టింపు ఇస్తాడని లెక్కలు కట్టుకుని మానకండి. ఇవ్వకపోయినా మానగలరా అని ముందు మిమ్మల్ని మీరే అడగండి.

కొబ్బరికాయ, కర్పూరం, అగరుబత్తీలు అమ్మొచ్చా అని చాలామంది అడుగుతారు. నేను అమ్ముతాను. కొబ్బరికాయ పచ్చడికి కొడతారో పూజకి కొడతారో నేను అడగను. నడవలేని ముసలావిడ ఒక కర్పూరం పొట్లం కోసం ఒంగోలు దాకా పోవాలా? మా తోడికోడలు అమ్మదు. ఆమె మనస్సు ఒప్పుకోదు. రోమా పత్రిక 14వ అధ్యాయం చదివి ఇద్దరం ఒక మాట అనుకున్నాం: ఆమె నన్ను తీర్పు తీర్చదు, నేను ఆమెను చిన్నచూపు చూడను. మీ మనస్సాక్షి పొడుస్తుంటే మాత్రం నన్ను చూసి అమ్మకండి.

ప్రసాదం సంగతి కూడా ఇట్లాంటిదే. కొట్టు అన్నాక చవితికి ఉండ్రాళ్ళు వస్తాయి, తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళు లడ్డూ తెస్తారు. ముఖం తిప్పుకోవద్దు, తీసుకుని చాటుగా పారేయడం అసలే వద్దు. మేము ప్రసాదం తినం అన్న సంగతి పక్కింటి వదినకి మొదటి ఏడాదే మర్యాదగా చెప్పేశా. ఆమె ఏమీ అనుకోలేదు. అప్పట్నుంచి దేవుడి దగ్గర పెట్టకముందే మాకని వేరే గిన్నెలో తీసి పంపిస్తుంది. క్రిస్మస్‌కి నేను చేసే అరిసెలూ కజ్జికాయలూ మొదట వెళ్ళేది వాళ్ళింటికే. ముందే చెప్పిన నిజం వల్ల మా స్నేహం చెడలేదు. ఏళ్ళ తరబడి దాచి ఉంటే చెడేది.

ఇక అప్పు. కొట్టు నడిపేవాళ్ళ విశ్వాసానికి అసలు పరీక్ష ఇక్కడే. "అప్పు రేపు" అని బోర్డు పెట్టుకుంటే గొడవే ఉండదు. కానీ కూలి డబ్బులు శనివారం వచ్చే ఇంట్లో బుధవారం బియ్యం అయిపోతాయి. చీమకుర్తి క్వారీల్లో పనికి పోయేవాళ్ళకి ఒక్కోసారి పదిహేను రోజులకి గానీ చేతికి రాదు. అప్పు ఇవ్వకుండా పల్లెలో కొట్టు నడపలేం, నడపకూడదు కూడా. అయితే ఎట్లా ఇవ్వాలో నేర్చుకోవాలి.

మొదటి రోజే హద్దు చెప్పండి. "వదినా, రెండు వేల దాకా రాస్తా, ఆపైన కష్టం" అంటే ఎవరూ బాధపడరు. నాలుగు వేలు అయ్యాక ముఖం మాడ్చుకుంటే బాధపడతారు. రెండు పుస్తకాలు పెట్టండి, మీ దగ్గర ఒకటి, వాళ్ళ దగ్గర ఒకటి. రాసేటప్పుడు పైకి చదువుతూ రాయండి, చదువు రానివాళ్ళయితే ఇంట్లో పిల్లలకి చూపించమనండి. నగదుకి ఎంత ధరో అప్పుకీ అంతే ధర. కిలో మీద రెండు రూపాయలు కలిపి రాయడం అంటే దొంగచాటు వడ్డీయే. నిర్గమకాండం 22వ అధ్యాయంలో, బీదవాడికి అప్పిస్తే వడ్డీ కట్టొద్దనీ, వాడి దుప్పటి కుదువ పెట్టుకుంటే పొద్దుగూకేలోపు తిరిగి ఇచ్చేయమనీ ఉంది. కప్పుకోడానికి వాడికి ఉన్నది అదొక్కటే కదా అని దేవుడే అడుగుతున్నాడు. బాకీ వసూలుకి పోయి వాళ్ళ గ్యాసు బండో మిక్సీయో పట్టుకొచ్చేవాళ్ళని చూశాను. వాళ్ళలో మన సంఘంవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది.

బాకీ అడిగేటప్పుడు నలుగురి ముందు అడగొద్దు. పిల్లల్ని సరుక్కి పంపితే ఆ పిల్లల చేత "మీ అమ్మని డబ్బులు కట్టమన్నానని చెప్పు" అని కబురు పంపొద్దు. ఆ బిడ్డ మళ్ళీ మీ కొట్టు మెట్టెక్కేటప్పుడు తలెత్తి నడవగలగాలి. ఇంటికి వెళ్ళండి, లేదా కొట్టు కట్టేసే వేళకి ఒక్కసారి రమ్మనండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. అప్పున్న మనిషిని చర్చికి పిలవకండి. ఆశ్చర్యంగా ఉందా? మా నాయనమ్మ చెప్పిన సంగతి వినండి. 1876 నుంచి 1878 దాకా మా ప్రాంతంలో ఘోరమైన కరువు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని చూపించాడు. ఆ పనిలో మా వాళ్ళూ మట్టి మోశారు. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారా ప్రభువు కోసం వచ్చారా అన్నది తేలాలని, సాయం ఆగేదాకా ఆగాడు. ఆ తరవాతే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మా నాయనమ్మ ఆ అంకె చెప్పేముందు ఎప్పుడూ, ఆయన ఆగిన సంగతి చెప్పేది. "ఆగాడు కాబట్టే ఆ నీళ్ళలో దిగినవాళ్ళు మళ్ళీ వెనక్కి పోలేదురా" అనేది.

అందుకని నా పుస్తకంలో బాకీ ఉన్నవాళ్ళకి నేను కరపత్రం ఇవ్వను, ఆదివారం రమ్మని అడగను. కాదనలేని స్థితిలో ఉన్నవాళ్ళని పిలవడం పిలుపు అవ్వదు. వాళ్ళే వచ్చి అడిగితే, మా పాస్టరుగారి భార్యతో మాట్లాడమంటాను, నా కొట్టు అరుగు మీద మాట్లాడను. సంఘంలోవాళ్ళకి ఒక ధర, బయటివాళ్ళకి ఒక ధర కూడా లేదు. అందరికీ ఒకటే.

ఆదివారం గురించి. మా ఊళ్ళో ఆదివారమంటే కోడికూర. అల్లం, వెల్లుల్లి, మసాలా, ఉల్లిపాయలకి వారం మొత్తంలో పెద్ద బేరం ఆ పూటే. నేను ఐదున్నరకి తీసి పాల పాకెట్లు, అత్యవసరం అయినవి ఇచ్చి, ఎనిమిదిన్నరకి షట్టరు వేస్తా. మళ్ళీ తీసేది సోమవారమే. మొదట్లో నష్టపోయాం. ఏడాది తిరిగేసరికి జనం శనివారం రాత్రే కొనుక్కోవడం మొదలెట్టారు. అయితే షట్టరు వేసినంత మాత్రాన ఆదివారం పాటించినట్టు కాదు. ఆమోసు 8వ అధ్యాయం చదవండి. విశ్రాంతిదినం ఎప్పుడు అయిపోద్దా, కొలిచే తూములు తగ్గించి గోధుమలు ఎప్పుడు అమ్ముదామా అని ఎదురుచూసే వర్తకుల మీద దేవుడు కోపగించాడు. వాళ్ళూ కొట్లు మూశారు. ప్రసంగం జరుగుతుంటే నా మనసు హోల్‌సేల్ ధరల మీదికి పోయినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది.

ప్రార్థన షట్టరు ఎత్తకముందే చేసుకోండి. కొట్టు తీశాక కళ్ళు మూసుకుని కూర్చుంటే, ఐదు రూపాయల బిళ్ళ పట్టుకుని నిలబడ్డ పిల్లాడు ఎదురుచూడాల్సి వస్తుంది. నాది చిన్న పద్ధతి: లెక్కల పుస్తకంలో ఆ రోజు పేజీ పైన పెన్సిల్‌తో ఒక కీర్తన సంఖ్య రాసుకుంటా. పొద్దున చదువుతా. బేరం లేని మధ్యాహ్నం మళ్ళీ తలుచుకుంటా. అంతే. ఎక్కువ పెట్టుకుంటే నాలుగు రోజులకి ఆగిపోద్ది, నా అనుభవంలో.

నోరు జాగ్రత్త. కొట్టు దగ్గరికి ఊరి కబుర్లన్నీ వస్తాయి. ఎవరి ఇంట్లో నూనె పాకెట్లు తగ్గాయో, ఎవరు రాత్రిళ్ళు ఆలస్యంగా వస్తున్నారో మనకే ముందు తెలుస్తుంది. ఆ సంగతుల్ని ఉపవాస కూడికలో ప్రార్థన విన్నపాలుగా చెప్పకండి. "ఫలానా సహోదరి కుటుంబం కోసం ప్రార్థించండి, చాలా అప్పుల్లో ఉన్నారు" అంటే అది చాడీయే. నేను రెండుసార్లు అట్లా చెప్పి, రెండోసారి ఆ సహోదరి వెనక బెంచీలో ఉందని చూసుకోలేదు. ఆమె చేతులు పట్టుకుని క్షమాపణ అడిగా. ఇప్పుడు పేరు చెప్పకుండా నా మంచం పక్కన మోకరించి దేవుడికే చెప్పుకుంటా.

కానుక గురించి ఎక్కువ చెప్పను. దశమభాగం అమ్మకం మీద తీయరు, లాభం మీద తీస్తారు. రోజువారీగా తీసి వేరే డబ్బాలో వేయండి, నెలాఖరున చూస్తే మిగలదు. మా నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేది. వారం వారం అది చర్చికి వెళ్ళేది. నేను ఆ కుండ ఇంకా వాడుతున్నా. మా మనవరాలికి ఇప్పుడు పిడికిలి పట్టడం వచ్చింది, తనే తీస్తుంది.

సరుకు దింపే కుర్రాడి కూలి ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే ఇచ్చేయండి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం సూర్యుడు అస్తమించకముందే ఇవ్వమంటుంది. "రేపు కలిపి తీసుకో" అనడం మనకి తేలిక. వాడి ఇంట్లో ఆ రాత్రి కూర దానిమీదే ఆధారపడి ఉండొచ్చు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి వెళ్ళేముందు నేను అప్పు పుస్తకం మొత్తం ఒకసారి చదువుతా. ఎవరు ఇవ్వగలిగీ ఇవ్వడం లేదు, ఎవరు నిజంగా ఇవ్వలేరు అన్నది అప్పటికి తెలిసే ఉంటుంది. ఇవ్వగలిగినవాళ్ళని జనవరిలో అడుగుతా, మొహమాటం లేకుండా. మనిషి చనిపోయిన ఇల్లు, మంచాన పడ్డ ఇల్లు, పని పోయిన ఇల్లు ఉంటే, ఆ బాకీ కొట్టేస్తా. ఒక సంవత్సరం అది మూడు వేల ఏడు వందలు అయింది, ఇంకో సంవత్సరం పదకొండు వేలు.

కొట్టేయడం అంటే పేజీ చింపి పారేయకండి. చింపితే వాళ్ళకి తెలియదు, ఎదురుపడినప్పుడల్లా వీధి మారుతూనే ఉంటారు. వాళ్ళ పుస్తకంలోనూ మీ పుస్తకంలోనూ "చెల్లు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, వాళ్ళింటికి వెళ్ళి చేతికివ్వండి. రెండు నిమిషాల కంటే ఎక్కువ కూర్చోకండి. ఆ రోజు వాక్యం చెప్పకండి, ఆరాధనకి రమ్మనకండి. మర్నాడు వాళ్ళు కొట్టుకి వస్తే ఎప్పటిలాగే కాటా మీద సున్నా చూపించి, అడిగినంత తూచి ఇవ్వండి.